పది కాలర్లు

"తల తడవలేదు," అన్నారు అత్తగారు.

పొయ్యి మీద పాలు పెట్టి కోడలు వెనక్కి తిరిగేసరికి ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. రెండు వేళ్ళతో కోడలి జడ పట్టుకుని, కొట్లో బట్ట నాణ్యం చూసినట్టు నలిపి చూశారు.

"స్నానం చేశావా, చేశాననిపించావా?"

"ఒంటికి పోసుకున్నానండీ. తలకి పోసుకుంటే ఆరదు. ఏడింటికి బస్సు."

"నాతో ఎందుకమ్మా, ఆయనతో చెప్పుకో." అత్తగారు గోడకున్న దేవుడి అర వైపు గడ్డం ఎత్తి చూపించారు. "రూలు నేను పెట్టానా?"

ఆ ఇంట్లో రూళ్ళన్నీ దేవుడివే. వారానికి రెండు రోజులు తలస్నానం చెయ్యకుండా పొయ్యి ముట్టకూడదు. మగవాళ్ళు తిన్నాక గాని కంచం ముందు కూర్చోకూడదు. ఆడవాళ్ళ లోపలి బట్టలు ఎండ తగిలే చోట ఆరెయ్యకూడదు. ఇవన్నీ ఆయన ఎక్కడ రాసి ఇచ్చాడో చూసినవాళ్ళు లేరు గానీ, అమలు మాత్రం అత్తగారి చేతిలో ఉండేది. ఎదురు మాట్లాడితే ఆవిడ దగ్గర ఒకటే జవాబు. "నేను చెయ్యలేదూ? నూతిలోంచి తోడుకుని, వణుక్కుంటూ పోసుకున్నాను. చచ్చిపోయానా?"

నిజమే, చచ్చిపోలేదు. ఎదురుగానే ఉన్నారు. ఇంకేం వాదిస్తుంది?

హాల్లోంచి భర్త గొంతు వినపడింది. "పొద్దున్నే అమ్మతో ఏంటి? రెండు చెంబులు పోసుకుంటే పోయేదానికి." అతని జుట్టు తువ్వాలుతో రెండుసార్లు రుద్దితే ఆరిపోతుంది. కాబట్టి లోకంలో తలలన్నీ అలాగే ఆరతాయని అతని నమ్మకం.

ఆమె పొయ్యి కట్టేసి, వెళ్ళి తల మీద నీళ్ళు పోసుకుని వచ్చింది. తడి జుట్టు ముడి వేసుకుని బస్సెక్కితే, దిగేటప్పటికి వీపంతా తడిసి జాకెట్టు ఒంటికి అతుక్కుపోయింది.

ఆమె పనిచేసేది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో. తొమ్మిదేళ్ళు మిషను మీద కూర్చుంది. మూడేళ్ళ కిందట ఆమె లెక్కలో చురుకని చూసి, మేనేజరు ఆమె చేతికి ఒక స్టాప్‌వాచీ, కాగితం పెట్టి రాసుకునే ఒక అట్టా ఇచ్చి మిషను మీంచి లేపాడు. కొత్త రకం చొక్కా వచ్చినప్పుడల్లా, ఏ పనికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలవడం ఆమె పని. కుట్టేవాళ్ళ వెనక నిలబడి, వరసగా పది ముక్కలకి టైము చూసి, సగటు తీసి, దానికి నూటికి పదిహేను వంతులు కలపాలి. ఆ పదిహేనూ అలుపుకి, మంచినీళ్ళకి, బాత్రూముకి. అప్పుడు గంటకు ఎన్ని ముక్కలో తేలుతుంది. ఆ అంకె రాసిన షీటు మీద ఆమె సంతకం పెడితే అదే రూలు. వరసగా మూడు రోజులు అందుకోలేనివాళ్ళని దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి పంపిస్తారు. అక్కడ కుర్చీలుండవు. రోజంతా నిలబడాలి.

వాచీ చేతికి వచ్చిన వారంలోనే ఆమెకి పేరు మారిపోయింది. "గడియారం వస్తోంది," అని మిషన్ల లైను మొదట్లో ఒక గొంతు అంటుంది, అంతే, లైను చివరిదాకా మాటలు ఆగిపోతాయి. అప్పటిదాకా ఎవరి మొగుడి గురించో పడీ పడీ నవ్వుతున్నవాళ్ళు తలలు వంచేసుకుంటారు. తొమ్మిదేళ్ళు వీళ్ళతోనే డబ్బా విప్పుకుని తిన్నది ఆమె. ఇప్పుడు ఆమె వెళ్ళి కూర్చుంటే బెంచీ మీద చోటు ఇస్తారు గానీ, మాట ఇవ్వరు. పై అంతస్తులో ఆఫీసు వాళ్ళు, ఆమె కింద నుంచి వచ్చిన మనిషి కాబట్టి, మర్యాదగా "భోంచేశారా?" అని అడిగి తమ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటారు. అందుకని ఆమె రెండు అంతస్తులకీ మధ్య మెట్ల మలుపులో, మంటలార్పే సిలిండరు పక్కన కూర్చుని తింటుంది. ఇంటికెళ్ళాక భర్త అడుగుతాడు, "వాచీ పట్టుకుని నిలబడే పనికి కూడా నడుం నొప్పేంటే?" నొప్పి నడుంలో కాదని చెబుదామనుకుంటుంది. ఎక్కడో చెప్పాలంటే ముందు తనకి తెలియాలి కదా.

ఆ రోజు కొలవాల్సింది కొత్త చొక్కాకి కాలర్ అతికే పని. ఆ పని కాలరక్కది. ఇరవై రెండేళ్ళుగా కాలర్లే కుడుతోంది కాబట్టి ఆ పేరు. ఆమెకి మిషను తొక్కడం నేర్పింది కాలరక్కే. మొదటి నెలలో సూది వేలిలో దిగితే, "ఏడవకే, రక్తం చొక్కాకి అంటితే అది కూడా నీ ఖాతాలో రాస్తారు," అని నవ్వించి కట్టు కట్టింది. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. బాత్రూముకి వెళ్ళాలంటే రెండు మిషన్లు పట్టుకుని లేస్తుంది.

వాచీ చూడగానే చెయ్యి నెమ్మదించుకోవడం ప్రతి లైనుకీ తెలిసిన విద్యే. దారం తెగినట్టు నటిస్తారు, గుడ్డ తిప్పి చూస్తారు, తుమ్ముతారు. ఆమె కూడా ఒకప్పుడు తుమ్మిన మనిషే. అందుకే ఏది నిజం తుమ్మో ఏది కాదో ఆమెకి ఇట్టే తెలుస్తుంది, మేనేజరు ఆమెని ఎంచుకోవడానికి అదీ ఒక కారణం. ఆ పొద్దున మేనేజరు కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు.

కాలరక్క మాత్రం నెమ్మదించలేదు. వెనక నిలబడింది తన శిష్యురాలు, పక్కన మేనేజరు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంది. తరవాత చేతులు కనపడలేదు. కాలర్ ఎత్తింది, చొక్కా మెడకి ఆనించింది, మిషను పాదం దించింది, ఒక్క ఊపులో తిప్పి పక్కకి తోసింది. పది కాలర్లు. ఒక్కొక్కటీ ముప్పై ఎనిమిది సెకన్లు, ఒకటి ముప్పై ఆరు. మేనేజరు, "అబ్బో," అని పైకి వెళ్ళిపోయాడు.

కాలరక్క మొహం వెలిగిపోతోంది. "ఏమే, నా చెయ్యి పడిపోయిందనుకున్నావా?"

పక్క మిషను ఆవిడ తల ఎత్తకుండానే అంది. "నీ చెయ్యికేం అక్కా, బంగారం. మా అందరి మెడలకీ కలిపి కుట్టేశావు."

అప్పుడు గాని కాలరక్కకి అర్థం కాలేదు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. గొంతు తగ్గించి ఆమెతో అంది, "ఆయన ముందు నీ పరువు పోకూడదని కుట్టానే." మోకాలు రుద్దుకుంది.

గంటకి ఎనభై రెండు ముక్కలు. పాత చొక్కాకి అరవై రెండు. ఆమె మెట్ల మలుపులో నిలబడి మూడుసార్లు లెక్క కట్టింది. లెక్కలో తప్పు లేదు. చూసినదీ నిజమే, రాసినదీ నిజమే. అయినా ఆ అంకె అబద్ధం. పొద్దున్న ఎనిమిదిన్నరకి, శిష్యురాలి ముందు, పది కాలర్ల పాటు కాలరక్క అలా కుట్టగలదు. సాయంత్రం నాలుగింటికి ఆవిడకే ఆ వేగం రాదు. మూడు రోజులు చాలు, ఆవిడ దారాల బల్ల ముందు నిలబడటానికి. ఆ మోకాళ్ళతో అక్కడ నిలబడటం ఆవిడ వల్ల కాదు.

పైకి వెళ్ళి మేనేజరుతో చెప్పింది. "సార్, మధ్యాహ్నం ఇంకోసారి కొలుస్తాను. ఆవిడ పొద్దున ఊపు మీద కుట్టింది."

"కుట్టిందా లేదా? నేను నా కళ్ళతో చూశాను." మేనేజరు చెడ్డవాడు కాదు. టీ కూడా తెప్పించాడు. "ఇంకొకళ్ళని కొలిస్తే తుమ్ముతారు, నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా నువ్వే చేసినదానివి కదా ఆ పని. నీకెంత పట్టేది?"

"నలభైకి అటూ ఇటూ," అంది ఆమె.

ఆలోచించకుండానే వచ్చేసింది. ఆ గొంతు విని ఆమే ఉలిక్కిపడింది. అత్తగారు, నేను చెయ్యలేదూ, అన్నట్టుగానే ఉంది.

"ఇంకేం మరి," అన్నాడు మేనేజరు. "నాలుగింటికల్లా షీటు నా బల్ల మీద ఉండాలి."

మెట్ల మలుపులో కూర్చుని డబ్బా విప్పింది. జుట్టు ఇంకా ఆరలేదు, ముడిలోంచి మెడ మీదికి చెమ్మ దిగుతోంది. పొద్దుట్నుంచీ ఆ తడిని మోస్తూ దేవుడితో లోలోపల పోట్లాడుతూనే ఉంది. ఎప్పుడూ పడే పోట్లాటే. ఆయనకి తల ఆరకపోవడం అంటే ఏంటో తెలుసా? ఆయనకి బస్సు లేదు, నెలసరి లేదు, మగవాళ్ళు తిన్నాక మిగిలిన గిన్నెలు లేవు. మనిషిగా పుట్టి మన కష్టాలన్నీ పడి చూశాడంటారు. పుట్టిన ఇంట్లో అంట్లు ఎవరు తోమారో ఏ కథలోనూ ఎవరూ చెప్పలేదు. పడనివాడు రూలు రాస్తే ఇలాగే ఉంటుంది అనుకునేది. అక్కడితో పోట్లాటలో తనే గెలిచినట్టు ఉండేది. ఈ రోజు ఆ గెలుపు నిలబడలేదు. అత్తగారు పడలేదా? నూతి నీళ్ళు, వణుకు, చివరి కంచం, అన్నీ పడ్డారు. తను పడలేదా? తొమ్మిదేళ్ళు. పడ్డవాళ్ళం ఇద్దరం కలిసి ఏం రూళ్ళు రాశాం? పడ్డప్పటి నొప్పి పోతుంది, చేశానన్న గొప్ప ఒక్కటే మిగులుతుంది. ఆ గొప్పతో కొలిస్తే ఎవరికైనా నలభై సెకన్లే పడుతుంది.

ఇంకో సంగతి కూడా తట్టింది. దేవుడు మనుషుల్ని చూసేది ఎప్పుడు? స్నానం చేసి, తల దువ్వుకుని, చేతులు జోడించి, కోపం ఆపుకుని ఆయన ముందు నిలబడే ఆ రెండు నిమిషాలు. ఆయన ముందు పరువు పోకూడదని అందరం కాలరక్కలాగే కుడతాం. మూర్ఖుడు కాకపోవచ్చు, చెడ్డవాడూ కాకపోవచ్చు. చూసిందే రాసుకుని ఉంటాడు. పది కాలర్లు చూసి, ఇరవై నాలుగు గంటలకి రూలు కట్టేసి ఉంటాడు. ఆయన రాగానే అందరి మాటలూ ఆగిపోతాయి కాబట్టి, అసలు సంగతి చెప్పేవాళ్ళెవరూ ఆయన పక్కన కూర్చుని ఉండరు. మెట్ల మలుపులో ఒక్కడే తింటూ ఉంటాడు. అలా అనుకోగానే ఆమెకి దేవుడి మీద కోపం కన్నా జాలి ఎక్కువ కలిగింది. జాలి కలిగినంత మాత్రాన షీటు మారదు గదా అని కూడా అనిపించింది.

డబ్బా మూసేసింది. భోజనాల బెల్లు అయ్యాక లైన్లోకి వెళ్ళి కాలరక్క భుజం తట్టింది.

"అక్కా, లే. నేను కూర్చుంటాను."

"నువ్వా? పైనుంచి తరిమేశారేంటే?"

"ఇంకా లేదు. ఆ స్టూలు మీద కూర్చుని వాచీ పట్టుకో. ముక్క అయినప్పుడల్లా ఎన్ని సెకన్లో గీసుకో. పది కాదు, నేను ఆపమనేదాకా."

"నాకు ఈ బొత్తాలు తెలియవు తల్లీ."

"మిషను నాకు తెలుసా నువ్వు నేర్పినప్పుడు?"

మొదటి కాలర్ నలభై రెండులో పడింది. రెండోదీ అంతే. చేతులు మర్చిపోలేదని లోపల చిన్న గర్వం కూడా పొంగింది. పన్నెండోదాకా ఆ గర్వం ఉంది. ఇరవయ్యోదానికి కుడి భుజం కింద ఒక నరం లేచింది. దాన్ని ఆమె ఎరుగును, పాత చుట్టం. మూడేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ముప్పయ్యోదానికి కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ వేసింది. నలభై దాటాక బాత్రూముకి వెళ్ళాలనిపించింది, ఈ ఒక్కటీ అయ్యాక అనుకుంది, అది అయ్యాక ఇంకొకటి ఉంది. నొప్పి కాదు అసలు సంగతి. ఒకటి అయ్యాక ఇంకొకటి ఉండటం. దీన్ని ఏ షీటులోనూ ఏ గడిలోనూ రాయడానికి చోటు లేదు. కాలరక్క బొత్తాం నొక్కుతూ, మిషను బల్ల అంచున సుద్దముక్కతో అంకెలు గీస్తూ పోయింది. లైన్లో ఎవరూ తల ఎత్తలేదు. వాళ్ళకి తీరిక లేదు. ఆమెకీ లేదు.

నాలుగు దాటింది. షీటు రాకపోయేసరికి మేనేజరు తనే దిగి వచ్చాడు. కుర్చీలో ఎవరున్నారో చూసుకోకుండా ముందు సుద్ద అంకెలు చదివాడు.

"యాభై ఒకటి, యాభై నాలుగు, అరవై. ఎవరిదీ నత్తనడక? మూడు రోజులు చూసి దారాల బల్లకి పంపించెయ్."

"నాదే సార్."

మేనేజరు ఆమె మొహం చూసి నవ్వబోయి ఆగాడు. "నీకు అలవాటు తప్పింది. పొద్దుటిదే రాసి ఇయ్యి."

"అలవాటు ఉన్నవాళ్ళ మోకాళ్ళు కూడా చూశాను సార్." ఆమె అట్ట అందుకుని, షీటు మీద పొద్దుటి అంకెలు అడ్డంగా కొట్టేసి, పక్కన సుద్దవి ఎక్కించింది. కుట్టిన మనిషి అనే చోట తన పేరు రాసింది. కొలిచిన మనిషి అనే చోట కాలరక్క చేత సంతకం పెట్టించింది. కొలిచిన సమయం అనే చోట, భోజనం తరవాత, రెండు గంటల పాటు, అని రాసింది. సగటు తీస్తే గంటకి యాభై ఎనిమిది తేలింది.

"ఇది పైన ఒప్పుకోరు," అన్నాడు మేనేజరు. "నీ పని ఇంకొకళ్ళకి ఇవ్వాల్సి వస్తుంది. తెలుస్తోందా?"

"ఇవ్వండి సార్. ఎవరికిచ్చినా ముందు ఒక మధ్యాహ్నం ఈ కుర్చీలో కూర్చోబెట్టండి."

షీటు పట్టుకుని ఆయన మెట్లెక్కి వెళ్ళాడు. రేపు ఏమంటాడో తెలియదు. లైన్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పలకరించనూ లేదు. మిషన్ల చప్పుడు అలాగే సాగుతోంది.

కాలరక్క స్టూలు మీంచి నెమ్మదిగా లేచి నిలబడింది. "ఇంక లేవే. రాసేశావు కదా. నా మిషను నాకియ్యి."

ఆమె మిషను పాదం ఎత్తి, ఇంకో కాలర్ దాని కిందికి తోసింది.

"ఉండక్కా," అంది. "నాకింకా పూర్తిగా గుర్తు రాలేదు."