మగ్గం గుంట మీద ఫియట్

మహేంద్రకు కారు పిచ్చి పట్టిందని ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో అందరికీ తెలుసు. ఆ పిచ్చికి ఇంట్లో ఏం బలైందో మాత్రం ఆయన భార్య శిరీషకే తెలుసు. తెలిసి ఏం లాభం? తెలిసిన మనిషి గట్టిగా నోరు విప్పకపోతే, తెలియని మనిషికీ ఆమెకూ తేడా లేదు.

శిరీష చీరలు నేసే మనిషి. కాపురానికి వచ్చినప్పటి నుంచి అత్తగారి గుంట మగ్గం మీదే నేసింది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, అంచున కూర్చుని, కింద కర్రలు తొక్కుతూ పైన అడ్డపోగు మోసే నాడె ఆడించాలి. అత్త పోయాక ఆ గుంట ఆమెదైంది. మహేంద్రకు నేత అబ్బలేదు. బస్టాండు దగ్గర బోరు మోటార్లకు వైండింగు చేసే కొట్టు పెట్టుకున్నాడు. మగ్గం ఆడుతున్నంతసేపూ శిరీషను ఎవరూ పిలిచేవారు కాదు, పిలిచినా ఆ చప్పుడులో వినపడేది కాదు. ఇంట్లో ఆమెకంటూ ఉన్న చోటు అదొక్కటే.

రెండేళ్ల కింద ఆదోని నుంచి ఇశ్రాయేలు కబురు పెట్టాడు. ఇశ్రాయేలు పాతకార్ల మెకానిక్కు. మహేంద్ర ఆదోనిలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్న రోజుల్లో స్నేహితుడు. మూతబడిన పత్తి జిన్నింగు మిల్లు షెడ్డులో, ఆ మిల్లు షావుకారు ఫియట్ కారు అమ్మకానికి వచ్చిందన్నాడు. చిన్నప్పుడు ఆ మిల్లు గేటు దగ్గర నిలబడి, ఆ కారు వచ్చీపోయేది చూడడమే వీళ్లిద్దరి ఆట. ఒకసారి మహేంద్ర దాని హెడ్‌లైటు ముట్టుకుంటే వాచ్‌మన్ చెవి మెలేశాడు. ఆ చెవి ఇంకా మండుతూనే ఉందేమో, కబురు వినగానే కొట్టు మూసి, శిరీషను కూడా వెంటబెట్టుకుని ఆదోని బస్సెక్కాడు.

షెడ్డులో ఉన్నది పేరుకే కారు. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. సీట్లలో ఎలుకలు దూది పరుచుకుని కాపురం పెట్టాయి. డిక్కీ తెరిస్తే పత్తి గింజలు రాలాయి. మహేంద్ర చొక్కా కొసతో హెడ్‌లైటు తుడిచాడు. శిరీషను వెనక సీట్లో కూర్చోబెట్టి, తాను ముందు కూర్చుని స్టీరింగు పట్టుకుని, వెనక్కి తిరిగాడు.

"ఎట్లుండాది మే?"

ఆ ముఖంలో పదేళ్ల పిల్లవాడు కనిపించాడు. కాదనడానికి ఆమెకు మనసొప్పలేదు.

"బాగుండాది" అంది.

ఆ ఒక్క మాటే ఆమె మెడకు గుదిబండ అయింది. ఆ తర్వాత ఎప్పుడు ఏం అడ్డు చెప్పబోయినా "నువ్వే కదా బాగుండాది అంటివి" అనేవాడు.

బేరం అక్కడికక్కడే కుదిరింది, మొదటి అడ్డు ఆ రాత్రే వచ్చింది. బండిని ఎక్కడ పెట్టాలి? వీధిలో పెడితే వాన, ఎండ. కొట్టు దగ్గర చోటు లేదు. మహేంద్ర అన్నం తింటూ తింటూ తేల్చేశాడు.

"బండి కింద పని సేయాలంటే గుంట కావాల. మనింట్లో గుంట ఉండనే ఉండాది."

"ఆడ నా మగ్గముండాది."

"మూడు నెల్లే. దసరాకు బండి రోడ్డెక్కుతాది. నీ మగ్గం యాడికి పోతాది?"

"సీర సగంలో ఉండాది. కోసినాక దించు. సగం సీర మీద మగ్గం దించకూడదు."

"బండిని లాక్కొచ్చే ట్రాక్టరు రేపే వస్తాంది మే. వాళ్లు ఆగుతారా?"

నేసేవాళ్ల ఇళ్లలో సగం చీర మీద మగ్గం దించరు. ఎంత అవసరం వచ్చినా ఆ చీర ముగించి, కోసి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి అప్పుడు దించుతారు. నేతగాళ్ల ఇంట పుట్టిన మహేంద్రకు అది తెలియక కాదు. తెల్లారేసరికి నిలువు పోగుల పడుగును సగం చీరతో సహా చుట్టి, పాత దుప్పట్లో మూటకట్టి, మగ్గం కర్రలతో పాటు అటక మీదికి చేర్చాడు. వీధి వైపు గోడ పగలగొట్టించి, కారును లోపలికి తోయించి, గోడ ఉన్న చోట రేకుల తలుపు బిగించాడు.

దసరా వచ్చింది, పోయింది. నీలకంఠేశ్వరుని జాతర వచ్చింది, పోయింది. మళ్లీ దసరా వచ్చింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఇంజను దగ్గకముందే మహేంద్ర పెళ్లి ఊరేగింపులకు బాడుగలు మాట్లాడడం మొదలుపెట్టాడు. బండి ఫొటోలు తీసి ఫోన్లో స్టేటస్ పెట్టేవాడు. చూసినవాళ్లంతా శభాష్ అనేవాళ్లు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

శిరీష ఆ కారు పక్కన, గోడ వారగా, ఒళ్లు ముడుచుకుని వంటింట్లోకి నడిచేది. అన్నంలో కూడా తుప్పు వాసన వచ్చేది. పగలు ఎదురింటి బసమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి పోయేది. కండెలు చుట్టడం చూపు ఆనని ముసలమ్మల పని. అంచు కలిపి చీర నేసే చేతులు ఆ పని చేస్తుంటే బసమ్మకే ప్రాణం ఉసూరుమనేది.

"సెప్పలేవా మే వానికి?"

"సెప్తానత్తా. వింటాడు. విని, పాన పట్టుకొని గుంటలోకి దిగమంటాడు."

అది ఎగతాళికి అన్న మాట కాదు. ఆ గుంట ఆడమనిషి కొలతకు తవ్వింది. మహేంద్ర దాన్ని లోతు చేశాడు గానీ, పక్క బండలు కదిపితే గోడకు చేటని వెడల్పు చేయలేకపోయాడు. ఆయన పొట్ట అందులో తిరగదు. కాబట్టి కింద ఏం బిగించాలన్నా దిగాల్సింది శిరీషే. తన మగ్గాన్ని అటకెక్కించిన బండికి, తన గుంటలోనే కూర్చుని, తన చేతులతోనే సేవ చేయాలి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఒక్కో నట్టు బిగిస్తున్నప్పుడల్లా ఇది త్వరగా అయిపోతే నా మగ్గం నాకొస్తుంది అనుకునేది. అలా ఆశపడడం చూసి తన మీద తనకే కోపం వచ్చేది.

నిన్న సాయంత్రం ఇశ్రాయేలు వచ్చి ఆఖరి రంగు కొట్టి పోయాడు. మీగడ రంగు. మూడు రోజుల దాకా ఎవరూ చేయి పెట్టొద్దన్నాడు. ఇక ముందు చక్రాల బ్రేకుల పని, గేర్‌బాక్సు కింద ఆయిలు కారే నట్టు ఒకటి మిగిలాయి. పొద్దున్నే మహేంద్ర ముందు చక్రాలు రెండూ విప్పి, జాకీ తీసేసి, ఆ రెండు వైపులా నాపరాళ్లు పేర్చి బండిని వాటి మీద నిలబెట్టాడు.

"రాళ్లు ఆగుతాయా?" అంది శిరీష.

"మన మిద్దెను మోసేది ఈ బండలే కదమ్మే. మిద్దెను మోసేవి కారును మోయవా?"

ఈ సీమలో నాపబండను నమ్మినట్టు కన్నతల్లిని కూడా నమ్మరు. నేలకు అదే, అరుగుకు అదే, పైకప్పుకు అదే. పరిచి ఉంచినంతకాలం అది బండే. ఒక మూల మీద బరువు పడిందంటే అప్పడం.

శిరీష బండి ముందు నుంచి పాకి గుంటలోకి దిగింది. నట్టుకు పాన ఆనించబోతే అది జారి అడుగున పడింది. తీసుకోవడానికి వంగింది. ఆ వంగడమే ఆమె ప్రాణం కాపాడింది. పైన ఫట్టుమని బండ పగిలింది. వెంటనే రెండోది. బండి కింద వేలాడదీసిన బల్బు పగిలి చీకటైంది. బండి ముందు భాగం నేలకు కూలబడింది.

ఆమె నడుము వంచి, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. తల ఎత్తితే ఇనుము తగులుతోంది. నేలకూ బండికీ మధ్య జానెడు సందు కూడా మిగల్లేదు. మెడ మీద ఆయిలు చుక్క చుక్కగా పడుతోంది.

"శిరీషా! శిరీషా!" మహేంద్ర అరిచాడు. "మే, పలుకు మే!"

"ఉండా" అంది ఆమె. "దెబ్బేం ల్యాదు."

ఆయన కేకలకు వీధి వీధంతా వచ్చింది. ఆ సందులోంచి శిరీషకు పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. బసమ్మ మెట్టెలు గుర్తుపట్టింది. మహేంద్ర చెప్పులు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"పదిమంది ఒక పక్క పట్టుకుంటే లేస్తాదప్పా" అన్నారెవరో. "పట్టండి, పట్టండి!"

పాదాలన్నీ ఒక వైపుకు జరిగాయి.

"ఆడ పట్టుకోవద్దు!" మహేంద్ర అరిచాడు. "పెయింటు పచ్చిగుండాది, నిన్ననే కొట్టినాం!" ఒక్క క్షణం ఆగి మళ్లీ అన్నాడు. "సెయ్యి జారి మల్ల పడితే ఆ మనిషికి ప్రమాదమప్పా. ఇంత సందులో నా జాకీ దూరదు, ఇశ్రాయేలు పెద్ద జాకీ తెస్తాడు. ఫోన్ సేస్తా ఉండండి."

రెండో మాట తప్పు కాదు. నిజంగానే చేయి జారితే ఏమయ్యేదో ఎవరికి తెలుసు? కానీ పెయింటు మాట ముందొచ్చింది, ప్రాణం మాట వెనకొచ్చింది. అది గుంటలో ఉన్న మనిషికి వినపడింది.

మహేంద్ర నేల మీద పడుకుని సందులోంచి చూశాడు. ఆయన కన్ను ఒకటి కనిపించింది.

"ఆదోని నుంచి వస్తాండాడు మే. గంటసేపు ఓర్సుకో. నీకేం కాలేదు కదా?"

"ఊఁ" అంది శిరీష.

అన్నాక నాలుక కరుచుకుంది. ఆ రోజు షెడ్డులో "బాగుండాది", ఈరోజు "ఊఁ". ఎవరో కట్టేశారని ఇన్నాళ్లూ ఏడ్చింది గానీ, తాడు తానే అందిస్తూ వచ్చింది. భయం కంటే ముందు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది. ఊపిరి సరిగ్గా ఆడక, వీపు పట్టేసి, ఏడుపొచ్చింది. ఎంత ఏడ్చినా కన్ను తుడుచుకోవడానికి చేయి పైకి లేవదు.

కాళ్లు తిమ్మిరెక్కితే కొంచెం జరుపుకుంది. కుడి మడమ ఒక చిన్న పల్లంలో దిగింది. ఆ పల్లం ఆమెకు తెలుసు. కర్ర తొక్కీ తొక్కీ అత్త మడమ చేసిన పల్లం అది. ఆమె మడమ దాన్ని ఇంకాస్త అరగదీసింది. మహేంద్ర లోతు తవ్వినప్పుడు ఆ మూల ఎలాగో మిగిలిపోయింది. ఎడమ కాలితో కూడా వెతికింది. పక్కనే దొరికింది. రెండు మడమలూ అక్కడ ఆనించి కూర్చుంది. ఆ తర్వాత ఇశ్రాయేలు వచ్చేదాకా ఆమె మళ్లీ ఏడవలేదు.

ఇశ్రాయేలు ఆటోలో జాకీ వేసుకుని వచ్చాడు. వస్తూనే మహేంద్రను తిట్టాడు. "నాపరాళ్లా? బుద్ధుండాదా నీకు?" జాకీ ఎక్కించి, చక్రాలు బిగించి, సందు పెద్దది చేసి, గుంటలోకి చేయి చాపాడు.

"రా సెల్లెమ్మా."

శిరీష ఆ చేయి అందుకోలేదు.

"రాను, అన్నా."

"కాళ్లు పట్టేసినాయా?"

"కాళ్లు బాగుండాయి. బండిని బయటికి తోయండి. నేను ఈడనే తల వంచుకొని కూసుంటా."

వీధి జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మహేంద్ర గుంట ముందు చతికిలబడ్డాడు.

"మొండితనం సేయొద్దు మే. ముందు బయటికి రా. ఎల్లుండి తోస్తా. పెయింటు ఆరనీ."

"నేను లేస్తే నీ ఎల్లుండి రాదు. మూడు నెల్లంటివి, దసరా అంటివి. నీ పెయింటు కోసరం ఇంతసేపు కూసున్నా కదా, ఆరేదాకా కూసుంటా. బసమ్మత్తా, సంగటి ఈడికే పంపించు."

ఎవరో కిసుక్కుమని నవ్వారు. బసమ్మ అటు తిరిగి చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

మహేంద్ర ఇంకా వంగి, ఆయిలు కారిన ఆమె ముఖంలోకి చూశాడు. చాలా రోజుల తర్వాత నేరుగా చూశాడేమో.

"బెదురుకున్యావా?" అన్నాడు మెల్లగా.

"బండి పడినప్పుడు కాదు" అంది శిరీష. "నువ్వు పెయింటన్నప్పుడు."

ఆయన లేచి బండి ముందుకొచ్చి, ఆ మీగడ రంగు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇశ్రాయేలు జాకీ దించి, రేకుల తలుపు బార్లా తెరిచి వచ్చాడు. సాయం పట్టడానికి వచ్చినవాళ్లు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన వంక చూశారు. మహేంద్ర రెండు అరచేతులూ బానెట్ మీద ఆనించి తోశాడు. వేళ్లు రంగులో దిగబడ్డాయి. అప్పుడు మిగతావాళ్లు కూడా తలుపుల మీద, మడ్‌గార్డుల మీద చేతులు వేశారు.

"తల ఎత్తొద్దు సెల్లెమ్మా!" ఇశ్రాయేలు కేకేశాడు.

శిరీష మోకాళ్ల మధ్య తల దాచుకుంది. ఇనుము ఆమె మీదుగా గరగరలాడుతూ పోయింది. తల ఎత్తేసరికి గది నిండా ఎండ ఉంది. వీధిలో ఫియట్ నిలబడి ఉంది. దాని ఒంటినిండా వీధివాళ్ల చేతి ముద్రలున్నాయి.

ఆమె లేచి, గుంట అంచున తన చోట కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడదీసింది. నడుము చాచుకుంటే ప్రాణం లేచొచ్చింది. మహేంద్ర లోపలికొచ్చాడు. ఆమెను దాటుకుని పోయి నిచ్చెన వేసి అటకెక్కాడు. ముందు మగ్గం కర్రలు ఒక్కొక్కటే ఇశ్రాయేలుకు అందించాడు. తర్వాత దుప్పటి మూట దగ్గరికి జరుపుకుని, ముడి విప్పబోయాడు.

"ముట్టుకోవద్దు!" అంది శిరీష.

ఆయన చేయి అక్కడే ఆగిపోయింది.

"దిగి, సేతులు కడుక్కొని రా పో. సీరకు రంగంటుతాది."