బరువు చాలని పడవ

కొత్త జంట అంటే ఇద్దరే ఉండాలని ఎక్కడా రాసిలేదు. కాలువల నగరం చూడ్డానికి వీళ్లు నలుగురు వచ్చారు. "కొత్త ఊళ్లో పిల్లలు తప్పిపోతారు" అని భర్తగారి పెద్దమ్మ, పెదనాన్న దయతలచి వెంట బయల్దేరారు. ఆ పసిపిల్లలకు పెళ్లయి పన్నెండు రోజులు, ఇద్దరి వయసూ కలిపి యాభై మూడు.

అయిదు వందల ఏళ్లనాటి మేడలు నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడ్డాయి. గుమ్మాల ముందు చెప్పులుండాల్సిన చోట పడవలున్నాయి. పెళ్లికూతురు తీరిగ్గా చూసింది మాత్రం పెద్దమ్మ మోకాళ్ల మందు కొన్న దుకాణాన్నీ, పెదనాన్న కూర్చున్న ఏడు బెంచీలనూ. సాయంత్రం తిరుగు రైలు. ఆలోగా మొగుడితో ఒక్క గంట, ఒక్కటంటే ఒక్క గంట, పడవలో ఒంటరిగా తిరగాలని ఆమె కోరిక.

ఎనిమిదో బెంచీ మీద పెద్దలు కునుకు తీయగానే ఇద్దరూ పిల్లుల్లా జారుకున్నారు.

"మేమిద్దరమే. ఇంకెవర్నీ ఎక్కించొద్దు," అన్నాడు భర్త, రాజ్యం గెలిచినవాడిలా.

పడవవాడు ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. మొదటి వంతెన దగ్గర పడవ ఆపేశాడు.

"పోటు నీరమ్మా. పడవ పైకి తేలుతోంది, ముక్కు వంతెనకు తగులుతుంది. బరువు చాల్లేదు."

"ఇప్పుడెలా?"

"ఇంకో ఇద్దరు ఎక్కాలి. కాస్త పుష్టిగా ఉండాలి. లేదంటే వెనక్కే."

సరిగ్గా అప్పుడే వంతెన మీంచి అశరీరవాణి పలికింది.

"ఒరేయ్! నీళ్లలో ఏం చేస్తున్నార్రా? చెప్పి చావొచ్చుగా!"

వెనక్కి తిరిగితే ఆ గంట కూడా గంగపాలే. పెళ్లికూతురు పళ్లికిలించింది.

"మీ కోసమే ఆపించాం అత్తయ్యా! రండి!"

"చూశారా, మనం లేకపోతే పిల్లలకు తోచదు," అని పెదనాన్నతో అంటూ పెద్దమ్మ వచ్చి ముందు పలక మీద కూలబడింది. పక్కన పెదనాన్న. పడవ ఒక్క మూలుగు మూలిగి జానెడు దిగింది. పడవవాడి మొహం వికసించింది.

"అందరూ తలలు మోకాళ్లకు ఆనించండి! నేను చెప్పేదాకా ఎత్తొద్దు!"

పెద్దలు జన్మలో మొదటిసారి ఒకరి మాట విన్నారు. వంతెన కింద చీకటి, చల్లదనం. వెనక పలక మీద ఒక చెయ్యి ఇంకో చేతిని వెతుక్కుంటూ వచ్చింది. చేతి వెనకే ఒక ముద్దు.

పడవ వెలుగులోకి వచ్చింది.

"ఏమ్మా, బుగ్గ ఎర్రబడింది? రాయి తగిలిందా?"

"కొంచెం, అత్తయ్యా." ఆమె పడవవాడివైపు తిరిగింది. "ఇలాంటి వంతెనలు ఇంకెన్నున్నాయి?"

"పదకొండమ్మా."

"అత్తయ్యా, ఈసారి ఇంకాస్త వంగండి. పాతకాలపు రాళ్లు, మహా గట్టివి."