కాటా ఎక్కని బరువు

మరి తూకపు రాయి ఏదీ, అవతలి తట్టలో ఏమీ వేయకుండా తూకం ఎలా తేలుతుంది, అనుకుంటూ అతను స్కానింగు తెర వంకే చూస్తున్నాడు, తెర మీద బూడిదరంగు మబ్బులాంటిది కదులుతోంది, డాక్టరమ్మ అందులో ఒక చుక్క పెట్టి ఇంకో చుక్క దాకా గీత లాగుతోంది, గీత లాగినప్పుడల్లా పక్కన అంకెలు పడుతున్నాయి, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు, ఇవన్నీ కలిపి బిడ్డ బరువు యంత్రమే చెప్పేస్తుందట, పాత ఇనుము కొట్టులో కాటా దగ్గర నిలబడి జుట్టు నెరిసిన మనిషికి ఇది విడ్డూరంగానే ఉంది, పట్టుకునేది లేదు, ఎత్తేది లేదు, కడుపు మీద చల్లటి జిగురు రాసి చిన్న మరతో పైపైన నిమిరి బరువు చెప్పేయడమే, ఈ యంత్రం కొట్టుకు వచ్చి ఉంటే తనను ఎప్పుడో ఇంటికి సాగనంపేవాళ్లు, కూతురి తల దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టారు తనను, అల్లుడు లారీ మీద ఎక్కడో ఉన్నాడు, నువ్వే రా నాన్నా, అత్తయ్యను తీసుకెళ్తే దారి పొడుగునా భయపెట్టి చంపుతుంది అంది పొద్దున్నే, సరేనని చొక్కా మార్చుకుని వచ్చేశాడు, ఆమె జుట్టులోంచి కొబ్బరినూనె వాసన వస్తోంది, చిన్నప్పుడు జ్వరం వచ్చి ఒళ్లో పడుకున్నప్పుడూ ఇదే వాసన, పోయినసారి కంటే బాగా పెరిగిందమ్మా, నెలలకు మించిన బరువే చూపిస్తోంది అంటోంది డాక్టరమ్మ, ఆ మాట చెవిన పడగానే, రోజుకు పది మాటలు కూడా ఆడని తన నోరు తనను అడక్కుండానే మంచి తూకం అనేసింది.

నాన్నా, ఇది నీ కొట్టు కాదు, ఇక్కడ ఎక్కువ తూగితే నష్టం అని నవ్వింది కూతురు, ఆ నవ్వు సగంలోనే తెగిపోయింది, అలా కాదు పెద్దాయనా, అని డాక్టరమ్మ మర ఆపకుండానే నెమ్మదిగా చెప్పుకొచ్చింది, తల్లి రక్తంలో షుగరు ఎక్కువైతే అది బిడ్డకూ చేరుతుంది, బిడ్డ దాన్ని కొవ్వు చేసి దాచుకుంటుంది, పొట్టా భుజాలూ లావెక్కుతాయి, ఉమ్మనీరు పెరుగుతుంది, కాన్పు కష్టమవుతుంది, అందుకే ఇన్నిసార్లు స్కానింగుకు రమ్మంటున్నాం, ఒక్కోసారి కడుపులోనే, అని ఆగిపోయింది, ఆ తర్వాతి మాట ఆమె చెప్పనక్కర్లేదు, మంచం మీద ఉన్న మనిషికీ స్టూలు మీద ఉన్న మనిషికీ అది తెలుసు, మొదటి కాన్పప్పుడు కూతురు బిందెలకు బిందెలు నీళ్లు తాగేది, వేసవి కదా అన్నారు, కాళ్లు వాచాయి, మామూలే అన్నారు, కడుపు చూసి పిల్లాడు గట్టివాడు అని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు, అందరికంటే ఎక్కువ తనే మురిసిపోయాడు, షుగరన్న మాట ఎవరి నోటా రాలేదు, ఒక మధ్యాహ్నం నాన్నా వీడు కదలడం లేదు అంది, అంతే.

మొదటి బిడ్డ బరువెంత అమ్మా, ఎక్కడా రాసినట్టు లేదు, అని అడుగుతోంది డాక్టరమ్మ, తెలియదండీ, నాకు చూపించలేదు, నేను తట్టుకోలేనన్నారు, అంది కూతురు కప్పు వంక చూస్తూ, ఆ రోజు అటక మీది బరువైన డబ్బా దించానండీ, అందుకేనేమో అని, ఎన్నేళ్ల నుంచి దాచుకుందో ఆ డబ్బాను, తనకెప్పుడూ చెప్పలేదు, అతని అరచేతులు మోకాళ్ల మీద వాటంతటవే వెల్లకిలా తిరిగాయి, ఆ రోజు ఆసుపత్రి వరండాలో నర్సు బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి పెట్టింది ఈ చేతుల్లోనే, కాటా మీద పెట్టకముందే ఇత్తడి బిందె ఎంతో, రాగి తీగ చుట్ట ఎంతో చెప్పే చేతులు, అలవాటు చావక అప్పుడు కూడా చెప్పేశాయి, ఛీ ఇవేం చేతులు అనుకున్నాడు, గోడకేసి కొట్టుకోవాలనిపించింది, ఆ అంకెను భార్యకు కూడా చెప్పకుండా మింగేశాడు, ఇప్పుడు గొంతు సవరించుకున్నాడు, నాలుగు కిలోలు దాటాడమ్మా, అన్నాడు, ఎవరు తూచారు, అంది డాక్టరమ్మ, నేనే, ఎత్తుకున్నాను కదా.

డాక్టరమ్మ కాసేపు అతని చేతుల వంక చూసి, అంత బరువా, అయితే అప్పుడూ షుగరే అయి ఉండొచ్చు, డబ్బా దించితే పోయే బిడ్డ కాదమ్మా, ఆ మాట ఇవాళే మర్చిపో, అంది, మళ్లీ తెర వైపు తిరిగింది, బొడ్డుతాడులో ఎర్రగా, నీలంగా ఏదో మినుకుమంటోంది, రక్తం బాగానే అందుతోంది, ఉమ్మనీరు కాస్త ఎక్కువుంది, ఇన్సులిన్ పెంచుదాం, వచ్చే వారం మళ్లీ చూద్దాం, ఈసారి నెలలన్నీ నిండేదాకా ఆగం అని ఒక్కొక్కటే చెప్పి జిగురు తుడుచుకోమని గుడ్డ ఇచ్చి బయటికి నడిచింది, కూతురు మాత్రం లేవలేదు, గుడ్డ చేతిలోనే ఉంది, కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, ఏడుపులా లేదు, ఏదో పెద్ద మూట దించినట్టుంది, వాడు ఎలా ఉన్నాడు నాన్నా ఆ రోజు, అంది.

ఆ ఊసెత్తకండి, పిల్ల తట్టుకోలేదు అని అప్పట్లో అందరూ నోళ్లు కట్టేసుకున్నారు, తనకు కట్టుకునే పని కూడా లేకపోయింది, మాట్లాడని మనిషి మాట్లాడకపోతే ఎవరడుగుతారు, కానీ చూసినవన్నీ ఉన్నాయి లోపల, ఒక్కటీ అరగలేదు, జుట్టు ఒత్తుగా ఉంది, అన్నాడు, నుదురు దాకా, చెవులు నీవే, కుడి చెవి కాస్త మడత పడి ఉంది, నేనే సరిచేశాను, ఊ, అంది ఆమె, ఇంకా, చేతులు బొద్దుగా, గోళ్లు అప్పుడే పెరిగి ఉన్నాయి, ఇంకా, ఆమె అతని అరచేతిని దగ్గరికి లాక్కుని దాని మీద చెంప ఆనించింది, ఆ చెంప బరువు తెలుస్తోంది అతనికి, బిడ్డ కోసమే చాపినట్టున్నాయి ఈ పిల్ల చేతులు ఇన్నాళ్లూ, ఈమె మీద పడకూడదనే కదా అంతా తనే మోశాడు, మోసి మోసి, ఆ రోజు వరండాలో ఎత్తుకున్న పసివాణ్ని ఇన్నేళ్లుగా తానే పట్టుకు కూర్చున్నాడు, వాడి తల్లికి అందించలేదు.