నువ్వు లేచేసరికి

శాంతయ్య గొంతు సత్యవేడులో తెలియనివాళ్ళు లేరు. ఆదివారం చర్చిలో ఆయన పాట ఎత్తుకున్నాడంటే మైకు దండగ. అలాంటి మనిషికి కోమలి పుట్టింది. గిటారు ఒళ్ళో పెట్టుకుని, పక్కింటికి కూడా వినబడనంత మెల్లగా పాడుతుంది. "ఆ గొణుగుడేంది పాపా, గొంతెత్తి పాడు" అని ప్రతి ఆదివారం చెప్పిచెప్పి ఆయన నోరు నొప్పి పుట్టిందే తప్ప ఆ పిల్ల గొంతు పెరగలేదు.

లోకం తీరు చూడండి, ఆ గొణుగుడే జనానికి నచ్చింది. కోమలి తిరుపతిలో టీచరు ఉద్యోగం చేసుకుంటూ, తను రాసుకున్న పాటలు తనే పాడి ఫోన్లో పెడితే, ఎక్కడెక్కడివాళ్ళో విని కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. 'నువ్వు లేచేసరికి' అనే పాట మరీను. అందులో 'నువ్వు' ఎవరని పాట కింద పెద్ద రచ్చ. వదిలేసి పోయిన ప్రియుడని ఒకరు, కాదు కొండమీది స్వామిని నిష్ఠూరమాడిందని ఇంకొకరు. చర్చికి పోయే పిల్ల స్వామిని ఎందుకు నిష్ఠూరమాడుతుందో వాళ్ళకే తెలియాలి. కోమలి మాత్రం ఎవరికీ జవాబు రాయలేదు.

శాంతయ్యకు ఆ పాట తెలియదు. తెలిసే దారీ లేదు. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో, రేకులను అచ్చుగుద్దే పెద్ద మిషన్ల దగ్గర ఏళ్ళ తరబడి రాత్రి షిఫ్టు చేశాడు. పెట్టుకోమని ఇచ్చిన ఇయర్ ప్లగ్గులు దురద పుట్టిస్తున్నాయని జేబులోనే ఉంచుకున్నాడు. ముందు పిట్టల అరుపు పోయింది. తర్వాత ఫోను మోత పోయింది. ఇప్పుడు చెవి దగ్గర గట్టిగా చెబితే తప్ప మాట అందదు. ఈ సంగతి భార్య ఆనందమ్మ ఒక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పనని ఆమె చేత బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాడు.

చర్చిలో పాట ఎత్తే పని పోతుందని ఒక భయం. అంతకంటే పెద్ద భయం కూతురు. ఫోనొస్తే ఆనందమ్మే మాట్లాడేది. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు పెదవులు చూసి నెట్టుకొచ్చేవాడు. పాట పంపి 'విన్నావా నాయనా' అని కోమలి రాసినప్పుడల్లా 'బాగుండాది పాపా' అని రాసేశాడు. అన్నీ అబద్ధాలేనని ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పడం?

అందుకే, అలిపిరి దగ్గర ఒక కాఫీ కొట్టు మేడమీద పాడుతున్నాను, ఇద్దరూ రండి అని కోమలి పిలిస్తే కాదనలేకపోయాడు. పాట వినడానికొచ్చిన కుర్రపిల్లలంతా చాపల మీద కూర్చున్నారు. కోమలి కళ్ళు మూసుకుని పాడింది. శాంతయ్యకు కూతురి పెదవులు కనిపించాయి, తీగల మీద వేళ్ళు కనిపించాయి, అంతే. పక్కవాళ్ళు తల ఊపితే తనూ ఊపాడు. ముందు కూర్చున్న అమ్మాయి చున్నీతో కళ్ళు తుడుచుకుంటే తనూ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తన బిడ్డ ఏం చెప్పి వీళ్ళను ఏడిపిస్తోందో ఇందరిలో తెలియనిది తనొక్కడికే.

పాట అయ్యాక, కొట్టు నడిపే రఘునాథ్ మైకు పట్టుకుని ఆయన పక్కనే వచ్చి కూర్చున్నాడు.

"పెద్దాయనా, మీ పాప పాట ఎట్లుండాది?"

చెవి పక్కనే, అదీ మైకులో అడిగాడు గనక ఆ మాట అందింది. అందరూ తనవైపే చూస్తున్నారు. ఇన్నేళ్ళూ చెప్పిన మాటే నోటికొచ్చింది.

"ఇంకొంచెం గట్టిగా పాడుంటే బాగుణ్ణు."

మేడంతా నవ్వు. కోమలి కూడా నవ్వబోయింది కానీ చేతకాలేదు.

కిందికి దిగి బస్టాపు వైపు నడుస్తుంటే, కోమలి రెండడుగులు ముందే ఉంది. వెనక్కి తిరగకుండానే అడిగింది. "నాయనా, నా పాట ఒక్కటన్నా నీకు నచ్చిందా?"

శాంతయ్య పలకలేదు.

"నిన్నే అడిగేది. నోరు తెరిచి చెప్పరాదా?"

ఆయన కొండ ఎక్కబోయే జనాన్ని చూస్తూ నడుస్తున్నాడు. కోమలి గిరుక్కున తిరిగింది. ఆ పిల్ల కళ్ళు చూసి ఆనందమ్మ ఒట్టును పక్కన పెట్టింది.

"మీ నాయనకు వినబడదే. శానా నాళ్ళయింది. నీకు చెప్పొద్దని నా నోరు కట్టేసినాడు."

గుట్టు బయటపడిందని కూతురి ముఖం చూస్తే శాంతయ్యకు తెలిసిపోయింది. తల దించుకున్నాడు. కోమలి ఆయన చెయ్యి పట్టుకుని బస్టాపు బెంచీ మీద కూర్చోబెట్టింది. చెవి దగ్గర నోరు పెట్టింది. మెల్లగా చెబితే అందలేదు. అరవాల్సి వచ్చింది.

"రాత్రంతా పనిచేసొచ్చి నువ్వు పగలు పండుకునేవాడివి గదా. మనది ఒకటే గది. నీ నిద్ర చెడతాదని అమ్మ కుక్కర్ కూడా పెట్టేది కాదు. నేను గిటారు నేర్చుకునింది నీ మంచం కాడ కూసోని. నిన్ను లేపకుండా పాడల్లని అట్ల పాడినా. ఆ గొంతే నిలిచిపోయింది. ఆ పాటలో నువ్వంటే నువ్వే నాయనా."

తర్వాత పాట కూడా అరిచే చెప్పింది.

"కిటికీకి దుప్పటి కట్టినాము,
పగటిని బయటే నిలబెట్టినాము.
నిద్రపో, నేనిక్కడే ఉంటాను,
నువ్వు లేచేసరికి పెద్దదాన్నయిపోతాను."

నిద్ర లేపకూడదని కట్టిన పాటను గొంతు చించుకుని చెబుతోంది ఆ పిల్ల. ఆటోవాళ్ళు తిరిగి చూశారు. చివరి మాట దగ్గర గొంతు జీరబోయింది. అయినా శాంతయ్యకు ప్రతి మాటా అందింది. మంచం దగ్గర గిటారుతో కూర్చున్న చిన్న పిల్లను గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు. ఆ పిల్ల అక్కడ కూర్చున్నప్పుడల్లా ఆయన నిద్రలోనే ఉన్నాడు.

కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఏడుపు తగ్గాక అన్నాడు.

"ఇంగ అరవొద్దులే పాపా. గొంతు పోతాది. నీకెట్ల అలవాటో అట్లనే పాడు. సూస్తా."

కోమలి సంచిలోంచి గిటారు తీసింది. ఎప్పట్లాగే మెల్లగా పాడింది. శాంతయ్యకు ఒక్క ముక్క కూడా వినబడలేదు. ఆమె పెదవులవైపే చూస్తూ కూర్చున్నాడు. ఈసారి మాత్రం తల ఊపలేదు.