నీళ్ళు రాయి దిగితే

సర్దార్ తన టీ కొట్లో పేపరు చదివి వినిపించిన రోజున మా పాలెంలో పండగ చేసుకున్నంత పని చేశారు. సాగర్ కాలవ మా మీదుగా పోతుందని, పల్నాటికి ఇక కరువన్న మాట ఉండదని పేపర్లో పడిందట. మా ఆయన దానయ్య అది విని క్వారీ నుంచి వచ్చినవాడు వచ్చినట్టే, కాళ్ళయినా కడుక్కోకుండా గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"ఏమే రాహేలూ, ఇన్నావా? కిష్ణమ్మ మన గుమ్మం ముందుకొచ్చిద్దంట!"

"గుమ్మం ముందుకెందుకొచ్చిద్ది? కట్ట తెగితేనా?" అన్నాను.

"నీ నోట మంచి మాట రానే రాదు గదా," అని విసుక్కుని చెంబు తీసుకున్నాడు.

ఏం చేయను, నా తీరే అంత. ఏ కబురు విన్నా దాని వెనకాల వచ్చే చెడు ముందు కనిపిస్తుంది నాకు. కాలవ అంటే కట్ట తెగడం, పాములు, దోమలు, తవ్వడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే మనుషులు, ఆడపిల్లల మీద వాళ్ళ కళ్ళు. మిషన్ బళ్ళో అయిదో తరగతి దాకా చదివాను కనుక పేపరు నేనూ కూడబలుక్కుని చదవగలను. అందులో ఎన్ని ఎకరాలు తడుస్తాయో ఉంది. ఎవరి ఎకరాలో లేదు.

మా పాలెం ఊరికి పడమర, ఎత్తు మీద ఉంటుంది. నడుమ చేలు. చేలల్లోంచి పోయే బండి బాట పట్టుకుంటే ఊరు వస్తుంది. బస్సయినా, కిరాణా అయినా, హైస్కూలయినా అక్కడే. మా అమ్మాయి దయామణి ఆ బాటన పోయే, కాలవలో నీళ్ళు వదిలేనాటికి తొమ్మిదో తరగతికి వచ్చింది. పాలెంలో ఆడపిల్ల అంత చదువు చదవడం అదే మొదలు. ఇంకో రెండేళ్ళు గట్టెక్కితే టీచరు ట్రైనింగుకు పోవచ్చని పాస్టరు గారు అన్నప్పటి నుంచి ఆ పిల్ల కూర్చునే తీరు కూడా మారింది. కాలవ సరిగ్గా ఆ బాటకు అడ్డంగా వచ్చింది.

తవ్వక ముందు ఓవర్సీయరు గారు వచ్చారు. పంచాయతీ ప్రెసిడెంటు అమరేశ్వరరావు గారు వెంట ఉన్నారు. పాస్టరు గారు ప్రార్థన చేయించే మా దేవాలయం ముందు కుర్చీలు వేశాం. మా దగ్గర కాలవ మీద ఒకే వంతెన కడతారని, అది ఎక్కడ కావాలో చెప్పమని ఓవర్సీయరు గారు అడిగారు. బస్సు వచ్చే రోడ్డు మీదే వంతెన ఉండాలని ప్రెసిడెంటు గారు అన్నారు. ఆ రోడ్డు పక్కనే ఆయన చేలు. మరి పాలెం సంగతేమిటని అడిగేలోపే మా పెద్ద అంతోని మావ లేచాడు.

"మాకు వంతెనెందుకయ్యా? రెండు గట్లకీ వాలు బాట కొట్టియ్యండి, చాలు. వాగులో దిగి ఎక్కేవాళ్ళమే గదా!"

అందరూ అవునన్నారు. చేతులెత్తండంటే ఎత్తారు.

మేము వాగు మనుషులం. మా పాలెం వెనక వాగు ఏడాదికి నాలుగుసార్లు పొంగుతుంది. పొంగినప్పుడు ఒకరు పోయి నీటి అంచున రాయి పెట్టి వస్తారు. నీళ్ళు ఆ రాయి దిగి జానెడు వెనక్కి పోయాయంటే దారి వచ్చినట్టే. పూటలోనో, మరీ అయితే రెండు రోజుల్లోనో దిగుతాయి. మా తాతలు అట్లాగే దాటారు, మేమూ అట్లాగే దాటుతున్నాం. నీళ్ళంటే మాకు తెలిసింది అంతే. వస్తాయి, పోతాయి.

ఆ రోజు నేనూ నోరు చేసుకున్నాను. పిల్లలు దిగేటప్పుడు జారితే? గొడ్లు బెదిరితే? కట్ట మీద లైట్లన్నా ఉంటాయా? అంతోని మావ తల పట్టుకున్నాడు.

"ఒరేయ్ దానయ్యా, నీ పెళ్ళాన్ని ఇంట్లో కూచోబెట్టరా నాయనా! ఇంకాసేపుంటే కాలవలోకి మొసళ్ళని గూడా పిలిచేట్టుంది."

అందరూ నవ్వారు. ఓవర్సీయరు గారూ నవ్వారు. అన్ని భయాలూ బయటపెట్టిన దాన్ని, ఒక్కటి మాత్రం అడగలేదు. నీళ్ళు తగ్గకపోతే ఏం చేయాలని. తగ్గని నీళ్ళు ఉంటాయన్న ఊహే నాకు రాలేదు.

కాలవ తవ్వకంలో మేమే మట్టి మోశాం. రెండేళ్ళు ఎండు కాలవలో పిల్లలు వాలు బాటన దిగి, అవతల ఎక్కి బడికి పోయారు. దయామణి పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని పరిగెత్తి దిగేది. అంతోని మావ నా వంక చూసి, "ఏమ్మాయ్, మొసలి గానీ కనపడిందా?" అనేవాడు.

అరవై ఏడులో నీళ్ళు వదిలారు. ఊరివాళ్ళు మేళం పెట్టి కొబ్బరికాయలు కొట్టారు. ఇవతలి గట్టు మీద మేము కీర్తనలు పాడాం. ఎర్రటి నీళ్ళు ఆకూ అలమూ నెట్టుకుంటూ వచ్చి, సాయంత్రానికి వాలు బాట సగం దాకా ఎక్కాయి. పక్కింటి జ్ఞానమ్మ వదిన దోసిట్లోకి తీసుకుని కళ్ళకు అద్దుకుంది. అంతోని మావ పోయి బారెడు ఎత్తున ఉన్న తుమ్మ మొద్దు పక్కన, సరిగ్గా నీటి అంచున, రాయి పెట్టాడు.

"ఎల్లుండికి దిగుద్ది. పిల్లలు బడికి పోవచ్చు," అన్నాడు.

ఎల్లుండి పోయింది. ఆదివారం పోయింది. దయామణి పొద్దున్నే తల దువ్వుకుని, సంచి తగిలించుకుని గట్టు మీదికి పోయేది. నీళ్ళు రాయిని తాకుతూ పోతుండేవి. తిరిగి వచ్చి సంచి కొయ్యకు తగిలించేది.

గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ లస్కరు నాగేశ్వరరావు వచ్చాడు. కాలవ కాపలా అతనిది. అంతోని మావ అతన్ని ఆపాడు.

"ఏమయ్యా లస్కరూ, నీళ్ళెప్పుడు దిగుతయ్యి?"

"దిగటమేంది పెద్దాయనా? పైన తలుపులేస్తేనే దిగేది. వరి కోతల దాకా ఎయ్యరు."

"కోతల దాకానా! మరి మేం దాటేదెట్టా?"

"వంతెన మీద పో."

"వంతెన ఆడెక్కడో ఉందిగదయ్యా!"

"నేను గట్టలేదుగా," అని లస్కరు పెడలు మీద కాలు వేశాడు.

అంతోని మావ నమ్మలేదు. సైకిలు తొక్కేవాడికి నీళ్ళ సంగతి ఏం తెలుసు అన్నాడు. ఒక పొద్దున నీళ్ళు కొంచెం మెత్తబడినట్టు కనిపించాయని బండి కట్టి వాలు బాటన దిగాడు. నడిమికి పోయేసరికి ఎద్దుల కాళ్ళు తేలిపోయాయి. మగవాళ్ళు తాళ్ళు వేసి ఆయన్నీ, ఒక ఎద్దునూ లాగారు. రెండో ఎద్దు మెడ కాడితో పాటే తిరిగి, ఒక్కసారి మూతి పైకెత్తి, ఇక కనపడలేదు. మాలో ఈత వచ్చినవాడు ఒక్కడూ లేడు. నేర్చుకోవడానికి పల్నాట్లో ఎక్కడ నీళ్ళున్నాయి గనక?

ఆ తరువాత కొందరు కుర్రాళ్ళు రెండు గట్ల మీది మొద్దులకూ మోకు కట్టి, అది పట్టుకుని మెడ లోతు నీళ్ళలో అవతలికి పోవడం మొదలుపెట్టారు. నేను ఆ వైపు చూసేదాన్ని కాదు.

వంతెన చుట్టూ తిరిగి పోవాలంటే గట్టు మీద రెండు క్రోసులు. తుమ్మచెట్లు, కాలవ పనివాళ్ళ గుడిసెలు తప్ప మనిషి అలికిడి ఉండదు. కొన్నాళ్ళు దానయ్య తోడు పోయాడు. పిల్లను దింపి క్వారీకి పోయేసరికి పొద్దెక్కేది. ఇట్లా అయితే రావద్దని అక్కడి మేస్త్రీ అన్నాడు. దానయ్య మానుకున్నాడు. ఒంటరిగా పంపడానికి నాకు గుండె చాలలేదు.

నేనూ జ్ఞానమ్మ వదినా ప్రెసిడెంటు గారి ఇంటికి పోయాం. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నారు.

"ఏందే రాహేలూ, నీళ్ళొచ్చినయ్యి గదా, సంతోషంగా ఉన్నారా?"

నా బదులు వదిన చెప్పింది. "నీళ్ళు మీకొచ్చినయ్యి అయ్యగారూ. మాకు కాలవొచ్చింది."

అదీ నిజమే. మేం ఎగువన ఉన్నాం. కాలవ నీళ్ళు మా మెట్ట చేలకు ఎక్కవు.

"జ్ఞానమ్మ నోరు నోరు గాదు," అని ఆయన నవ్వారు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "వాలు బాట చాలన్నది మీ అంతోనే గదా? నేనేమన్నా వొద్దన్నానా? నలుగుట్లో చేతులెత్తారు."

"తెలవక ఎత్తాం అయ్యగారూ. వాగనుకున్నాం," అన్నాను. "పిల్లకి బడి పోతంది. చిన్న కాలిబాట వంతెనన్నా..."

"పారే నీళ్ళల్లో స్తంభాలు లేపుతారటే? కాలవకి నీళ్ళు కట్టేసినప్పుడు అడుగుదాం. అయినా ఆడపిల్లకి తొమ్మిది చాలదా? మా సుశీలని ఎనిమిదితో ఆపాం, ఏం తక్కువైంది?"

ఆయన కూతురు సుశీలమ్మ లోపల పట్టుచీర మడత పెడుతోంది. మేం దండం పెట్టి వచ్చేశాం. దారిలో వదిన తిట్టుకుంటూనే నడిచింది. నాకు తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు. చేతులెత్తిన వాళ్ళలో మా ఆయనా ఉన్నాడు.

వినాయక చవితి దాటాక ఒక పొద్దున దయామణి గట్టు మీద నుంచి పరిగెత్తుకుని వచ్చింది.

"అమ్మా! నీళ్ళు రాయి దిగినయ్యే! జానెడు దిగినయ్యి!"

పొయ్యి మీద సంగటి వదిలేసి పోయాను. నిజమే. రాయికీ నీటికీ నడుమ జానెడు పొడి నేల ఉంది. ఎన్నాళ్ళకో నా ఒంట్లో బరువంతా దిగినట్టయింది. లస్కరు అబద్ధం చెప్పాడు, పైన తలుపులు వేసే ఉంటారు, రేపటికి మోకాలి లోతు, ఎల్లుండికి దారి.

"సంచి తెచ్చుకో పో. ఇయ్యాల్టికి మోకు పట్టుకుని నాన్న దాటిస్తాడు," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చింది.

పిల్ల ఇంటి వైపు తిరిగింది. అప్పుడు చూశాను తుమ్మ మొద్దును. అంతోని మావ రాయి పెట్టింది దాని పక్కన, దాని మొదట్లో. మొద్దు వేళ్ళు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. మొదటి రోజు ఎట్లా ఉన్నాయో అట్లాగే. రాయి మాత్రం మొద్దు దాటి జానెడు గట్టు పైన ఉంది.

"దయామణీ, ఆగవే."

ఆగింది.

"రాయెవరు జరిపారే?"

పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. పట్టుకుని చూస్తే గోళ్ళలో తడి మట్టి.

"చావటానికటే? అంతోని తాత ఎద్దుని చూశావు గదే!"

"చూశా." ఏడవకుండా అంది. "నువ్వు ఊఁ అంటే నాన్న మోకు పట్టుకుని తీసకపోతాడు. రాయి దిగందే నువ్వు ఊఁ అనవు. ఎన్నాళ్ళు చూడమంటావు? బళ్ళో నా పేరు గొట్టేస్తారమ్మా."

చెయ్యెత్తాను గాని కొట్టలేదు. కొడితే ఎవరిని కొట్టినట్టు? రాయిని రెండు చేతులా ఎత్తి కాలవలో వేశాను. ఎర్ర నీళ్ళు దాన్ని మింగి, ఏమీ జరగనట్టు పారాయి.

"ఇంక చూడబాకు. బడి లేదు," అన్నాను.

పిల్ల ఇంట్లోకి పోయి, సంగటి మాడుతుంటే దింపింది.

నాట్లకు మనుషులు చాలక ప్రెసిడెంటు గారి ట్రాక్టరు వంతెన మీదుగా, గట్టు వెంబడి చుట్టూ తిరిగి మా పాలెం దాకా వచ్చింది. తొట్టి నిండా ఆడవాళ్ళను ఎక్కించుకుని తెల్లారేసరికి తీసుకుపోతుంది, పొద్దుగూకాక దింపుతుంది. నేను నాట్ల మేస్త్రీ శివరామయ్యను అడిగాను.

"అన్నా, నేను నాటేస్తా. పిల్లని బడి కాడ దింపు. మళ్ళా మాతో పాటే ఎక్కిద్ది."

"నాటేసే చేతులకే చోటు రాహేలూ," అన్నాడు. "ఒకళ్ళకి సందిస్తే రేపు పాలెంలో పిల్లలంతా ఎక్కుతారు. ప్రెసిడెంటు దొరగారు నన్ను దింపేస్తారు."

దయామణి అంతా విన్నది. నేనేమీ అనకముందే పావడా పైకి దోపుకుని తొట్టిలోకి ఎక్కి, నాకు చెయ్యి అందించింది.

ట్రాక్టరు వంతెన దాటి హైస్కూలు ముందు నుంచే పోతుంది. ఆ పక్క పొలంలోనే నాట్లు. బడి గంట మా నెత్తి మీద కొట్టినట్టు వినిపిస్తుంది. మొదటి రోజు గంట మోగినప్పుడు పిల్ల ఏం చేస్తుందోనని నారు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. అది వంచిన నడుము ఎత్తలేదు. వరస తప్పకుండా నాటుకుంటూ వెనక్కి వెనక్కి పోయింది. చెయ్యి చురుకని శివరామయ్య మెచ్చుకున్నాడు.

సాయంత్రం దిగేటప్పుడు సర్దార్ కొట్టు దగ్గర రేడియో మోగుతోంది. పల్నాడు పచ్చబడిందని అందులో చెబుతున్నారు. తొట్టిలో ఎవరో నవ్వారు.

పాలెంలో పిల్లలు మళ్ళీ ఒక రాయి తెచ్చి మొద్దు పక్కన పెట్టారు. పొద్దున్నే పోయి చూసి వస్తారు. మా పిల్ల మాత్రం ఆ వైపు చూడదు. కాలవలో పడుతుందేమోనన్న భయం నాకు పోయింది. దాని బదులు ఇంకో భయం పట్టుకుంది. పిల్ల ఇక దేని కోసమూ ఏ రాయీ జరపదేమోనని.