పూజలో కూర్చున్న కారు

వెంకటరత్నం గారి పాత కారు గేర్‌బాక్సు ఏలూరు షెడ్డులో ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. విప్పడమైతే విప్పాడు గాని, “ఇది మరీ పాత మోడలండీ. రిపేరు పుస్తకం ఉంటేగాని మళ్ళీ బిగించలేనండీ” అన్నాడు మెకానిక్ తాతాజీ.

ఆ పుస్తకం కోసం వెంకటరత్నం గారు తాడేపల్లిగూడెంలోని తన ఉల్లిపాయల కొట్టునీ, ఇంటినీ తలకిందులు చేశారు. దొరక్కపోయేసరికి కోపమంతా భార్య లక్ష్మీకాంతమ్మ గారి మీదికి మళ్ళింది.

“పాత పేపర్లవాడికి వేసేసుంటావు. కాగితం కనబడితే చాలు నీకు!”



పిల్లల చదువులయ్యాక ఆ ఇంట్లో సరస్వతీ పూజ మానేశారు. ఈ దసరాకి మనవరాలు లహరి బళ్ళో చేరిందని, లక్ష్మీకాంతమ్మ గారు దేవుడి గది అటక మీంచి ఎర్రగుడ్డ మూట దింపి విప్పారు. వ్రతకథల పుస్తకాల మధ్య, పసుపు కుంకుమ బొట్లతో కారు పుస్తకం!

వెంకటరత్నం గారికి చప్పున గుర్తొచ్చింది. అప్పట్లో ఓ దసరాకి, “కారుని దేవుడి గదిలోకి తేలేం కదా, దాని బదులు ఈ పుస్తకం పెట్టు” అన్నది తనే.

వెంటనే తాతాజీకి ఫోన్ చేశారు.

“పట్టుకొచ్చేయండి, సాయంత్రానికల్లా బిగించేస్తానండీ!”

లక్ష్మీకాంతమ్మ గారు పుస్తకం దుమ్ము దులిపి భర్త చేతిలో పెట్టారు.

“జాగ్రత్తండీ. దారిలో పాత పేపర్లవాడు ఎదురైతే, మీరే ఇచ్చేసేరు!”