లోపలి వైపు

తలుపు లోపలి వైపు, మనిషి నడుమెత్తున, చెక్క నిండా గోళ్ళ గీతలున్నాయి.

పాత తాళం ఊడదీసి తలుపు నా వైపు తిప్పుకున్నప్పుడు కనిపించాయవి. ఎలుకల పని కాదు. ఎలుక అడుగున కొరుకుతుంది గానీ నాలుగేసి గీతలు వరసగా గీయదు. ఒక గీత చివర విరిగిన గోరు ఇరుక్కుని ఉంది.

మా నాన్న తాళాలు బాగుచేసేవాడు. ఆయన పోయాక ఆ పనిముట్ల పెట్టె నా చేతికొచ్చింది. అందరూ నన్ను తాళాలమ్మ అంటారు. ముప్పై ఏళ్ళలో నాకు బోధపడింది ఒకటే. ఇంట్లోవాళ్ళు దొంగకి భయపడితే గడియ లోపల ఉంటుంది. ఈ తలుపుకి రెండు గడియలూ బయటే ఉన్నాయి.

అది కొవ్వొత్తుల షెడ్డు. యజమాని మా చర్చిలో సంఘ పెద్ద. ఆరాధనలో బల్ల మీద వెలిగేవి ఆయన కొవ్వొత్తులే.

"గట్టి తాళం బిగించమ్మా," అన్నాడు పెద్దాయన. మెడలో సిలువ పక్కనే తాళంచెవి వేలాడుతోంది. "రేపు నేనూ మా బావమరిదీ చర్చికొచ్చేస్తాం. కాపలా ఉండదు. లోపల సరుకుంది."

ఫోన్ మోగితే అవతలికి వెళ్ళాడు. మైనం కాగే గిన్నెల వెనక తొమ్మిది మంది ఆడవాళ్ళు. చేతుల నిండా బొబ్బలు. అందరిలోకీ పెద్దది, తల నెరిసిన అవ్వ, వత్తులు కత్తిరిస్తూ తల ఎత్తకుండానే అంది:

"ఆ సరుకు మేమేనమ్మా. మా ఆధార్ కార్డులు ఆయన దగ్గరున్నాయి. వీధి మొహం చూసి నాలుగేళ్ళు. సోమవారం లారీలో ఎక్కడికో తోలేస్తాడట."

"పోలీసులకి చెప్పనా?"

"ఇద్దరు పారిపోయి చెప్పారు. ఆ పోలీసులే వాళ్ళని జీపులో తెచ్చి ఇక్కడ దింపారు."

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, అవ్వ వైపు వంగాను.

"అవ్వా, నేను బిగించే తాళానికి లోపల కూడా ఒక మీట ఉంటుంది. గుడ్డ కప్పి ఉంచు. రేపు చర్చి గంట రెండోసారి మోగగానే తిప్పు. వీధి చివరే చర్చి."

"తిరక్కపోతే?"

"సమాధిలోంచి లేచొచ్చి మా నాన్న నా వీపు పగలగొడతాడు."

అవ్వ నవ్వింది. పక్కనున్న పిల్ల నవ్వడం మర్చిపోయినదానిలా ఆమె ముఖంలోకి చూసింది.

తుప్పు పట్టాయని చెప్పి గడియలు రెండూ పీకేశాను. పెద్దాయన వచ్చి బయట నిలబడి కొత్త చెవి మూడుసార్లు తిప్పాడు, తలుపు లాగాడు, మురిసిపోయి చెవి మెడలో వేసుకున్నాడు. లోపల నిలబడి ఆ తలుపు లాగి చూడాల్సిన అవసరం ఆయనకి ఎన్నడూ రాలేదు. నా ధైర్యమంతా అదే.

సాయంత్రం అన్నయ్య దగ్గరికెళ్ళాను. మా చర్చికి పాస్టరు వాడే. మా సంఘంలో పాత కట్టుబాటు ఒకటుంది. రెండో గంట కొట్టాక, ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె పంచే ముందు, అది పట్టుకున్న సంఘ పెద్ద మీద ఎవరికైనా ఫిర్యాదుందా అని పాస్టరు అడగాలి. ఎవరైనా లేస్తే, జవాబు వచ్చేదాకా గిన్నె కదలదు. అన్నయ్య ప్రతి నెలా అడుగుతాడు. ఎవరూ లేవరు.

"రేపు నేను లేస్తా," అని జరిగిందంతా చెప్పాను.

"చెల్లీ, మన చర్చి పైకప్పు ఆయన వేయించిందే. పీకించేస్తాడు."

"పీకించనీ. మోషే ఫరో గుమ్మం ఎక్కింది బానిసల్ని విడిపించడానికి గానీ, అద్దె ఇల్లడగడానికా? దేవుడు వాళ్ళని వదలమంటుంటే మనం పైకప్పు పట్టుకుని వేలాడదామా?"

వాడు తలెత్తి పైకప్పు వైపు చూశాడు. చివరికి "లే. అడుగుతా," అన్నాడు.

మర్నాడు రెండో గంట మోగింది. అన్నయ్య అడిగాడు. నేను లేచాను.

"నాకుంది."

బెంచీలన్నీ కిర్రుమన్నాయి. గిన్నె పట్టుకున్న పెద్దాయన చిరునవ్వు చెరగనివ్వలేదు. "ఏంటి తాళాలమ్మా, స్క్రూడ్రైవర్ మా షెడ్లో మర్చిపోయావా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"తొమ్మిది మంది మనుషుల్ని గదిలో పెట్టి తాళమేశావు పెద్దాయనా. ఎవరి కోసం ప్రభువు ప్రాణం పెట్టాడో వాళ్ళనే బంధించి, ఆయన గిన్నె పట్టుకున్నావు."

"అపనింద! వాళ్ళు ఇష్టపడే ఉన్నారు. ఆ తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. ఎవరు పోతానన్నా పోవచ్చు."

"బల్ల ముందు నిలబడి అంటున్నారా ఆ మాట?" అడిగాడు అన్నయ్య.

"అంటున్నా!"

అప్పుడు చర్చి తలుపు తెరుచుకుంది. ముందు అవ్వ, వెనక ఎనిమిది మంది. ఉత్త కాళ్ళు, చీర కుచ్చిళ్ళ మీద గడ్డకట్టిన మైనం.

పెద్దాయన చెయ్యి చటుక్కున మెడ మీదికి పోయింది.

"తాళంచెవి నా దగ్గరే ఉందే! ఎలా వచ్చారు?"

కానుకల సంచీ పట్టుకున్న బావమరిది ఆయనకి దూరంగా జరిగాడు.

"తలుపుకి లోపలి వైపు కూడా ఉంటుంది బాబూ," అంది అవ్వ.

"పాస్టరూ, ఆరాధన కానివ్వు! నీ నెత్తిన పైకప్పు ఎవరిదో గుర్తుందా?"

అన్నయ్య ఆయన చేతిలోంచి గిన్నె తీసుకుని బల్ల మీద పెట్టి గుడ్డ కప్పాడు. "పైకప్పు పట్టుకుపోండి. జవాబు చెప్పండి."

జనం లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. అవ్వ చెయ్యెత్తి వాళ్ళని పక్కకి జరిపింది. "దారివ్వండి. మేం ఎవర్నీ బంధించం. తలుపు తీసే ఉంది బాబూ, పోతావా?"

పెద్దాయన గుమ్మం దాకా వెళ్ళాడు. బయట ఎండ, ఖాళీ వీధి. ఎవరూ ఆపలేదు. అక్కడే ఆగి, తీసి ఉన్న ఆ తలుపు లోపలి వైపు చేత్తో తడిమాడు. మెడలోని తాడు తెంపి తాళంచెవి నేల మీద పడేశాడు.

"నేనే వేశాను తాళం. ఇష్టపడి ఉన్నారన్నది అబద్ధం. మొదటి నెలలోనే ఒకామె వెళ్ళిపోతానంది. ఆ రోజే అందరి కార్డులూ లాక్కున్నాను. నా గదిలో ఇనప్పెట్టెలో ఉన్నాయి. పారిపోయిన ఇద్దర్నీ స్టేషన్‌లో మాట్లాడి వెనక్కి తెప్పించుకున్నది నేనే. వాళ్ళు తలుపు గీకుతుంటే వినపడేది. ఎలుకలని మా బావమరిదికి చెప్పాను. ఎలుకలు కావని నాకు తెలుసు. తెలిసే వేశాను."